సిట్టింగ్ ఉండగా టికెట్ అడగాలంటే

మాకు విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది. పెళ్లి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు వేస్తాం, ఎన్నికలొస్తే కరపత్రాలు వేస్తాం. మా ఆయన మిషన్ చూసుకుంటారు. డీటీపీ, లెక్కలు నావి. పాతికేళ్లుగా ఒకే పార్టీలో ఉన్నాను. పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చోవడంతో మొదలుపెట్టి, మహిళా విభాగంలో పనిచేసి, ఒకసారి మా నియోజకవర్గంలో సొంత పార్టీ ఎమ్మెల్యే ఉండగానే టికెట్ నాకివ్వండి అని అడిగాను. రాలేదు. ఏ పార్టీ, ఏ నియోజకవర్గం, ఏ ఎన్నిక అన్నది రాయను. ఆయన ఇప్పటికీ ప్రజల్లో తిరుగుతున్న మనిషి. నేనూ అదే పార్టీలో ఉన్నాను.

ఫ్లెక్సీ డిజైన్ కోసం ప్రెస్‌కి వచ్చే కుర్రాళ్లు, ఆడపిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు. "అక్కా, నువ్వప్పుడు ఎలా చేశావు? మేం అడిగితే మమ్మల్ని బతకనిస్తారా?" అని. నిలబడి చెప్పే మాటలు కావు కాబట్టి రాసి పెడుతున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నన్ను పాతకాలపు మనిషి అంటారు, నిజమే. అప్పు చేసి పంచడం తప్పని నమ్ముతాను. గుడి మాన్యం గుడికే ఉండాలంటాను. బడి పక్కన మద్యం అమ్మకూడదంటాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారూ, ఊరి ఆడవాళ్లూ సారా కొట్లు మూయించినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆ వేడి రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే దాన్ని సడలించారు. అయినా పేరూ ఊరూ లేని ఆడవాళ్లు ప్రభుత్వాన్ని కదిలించగలరన్న నమ్మకం నాకు అక్కడే కలిగింది. మా వైపు ఒక బడి గోడకు ఆనుకుని బెల్టు షాపు నడుస్తుంటే, మా ఎమ్మెల్యేకి నాలుగేళ్లలో ఏడుసార్లు చెప్పాం. అది కదల్లేదు. టికెట్ ఆలోచన అలా మొదలైంది.

అక్కడ ఓటరు, ఇక్కడ ఒక సంతకం

2014 జూన్‌లో ఒక పొద్దున మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్ పక్కన హెన్రైకో కౌంటీలో ఉంటాడు. "అక్కా, ఎరిక్ కాంటర్ ఓడిపోయాడు" అన్నాడు. ఎన్నికలు నవంబరులో కదరా అన్నాను. "పార్టీ లోపల జరిగే ఎన్నిక. సొంత పార్టీవాళ్లే ఓడించారు" అన్నాడు.

అప్పుడు వాడు విడమరిచి చెప్పిందే నా పాఠం. కాంటర్ ప్రతినిధుల సభలో రిపబ్లికన్ పార్టీ మెజారిటీ లీడరు, స్పీకర్ తర్వాతి మనిషి. 1899లో ఆ పదవి పుట్టాక, అందులో ఉన్నవాళ్లెవరూ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే తేల్చే ఎన్నికలో, ఓడిపోలేదు. ఓడించింది డేవ్ బ్రాట్ అనే ఆర్థికశాస్త్రం మాస్టారు, ఆష్లాండ్ అనే చిన్న ఊళ్లోని కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి. కాంటర్ 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెడితే, బ్రాట్ పెట్టింది సుమారు 2 లక్షలు. జూన్ 10న ఓట్లు లెక్కపెడితే బ్రాట్‌కి 55 శాతం పైనే వచ్చాయి. మొత్తం పోలైనవి 65 వేలు. ఏడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న నియోజకవర్గంలో ఆ కొద్ది వేల మంది గడప తొక్కినవాడు గెలిచాడు. వలసల విషయంలో బ్రాట్ మాటలు మా తమ్ముడికి నచ్చలేదు, ఆ మాట కూడా దాచకుండా చెప్పాడు. కానీ ఇల్లిల్లూ తిరిగిన పద్ధతిని మెచ్చుకున్నాడు.

ఆ రాష్ట్రంలో కాంగ్రెస్‌కి, అంటే వాళ్ల పార్లమెంటుకి, ప్రైమరీలో పోటీ చేయాలంటే 1,000 మంది ఓటర్ల సంతకాలు తేవాలి. సభ్యుడి ఏడాది జీతంలో 2 శాతం ఫీజు కట్టాలి. జీతం 1,74,000 డాలర్లు కాబట్టి ఫీజు 3,480 డాలర్లు. ఆ రెండూ ఉంటే పార్టీ పెద్దలకు ఇష్టం లేకపోయినా బ్యాలెట్ మీద పేరుంటుంది. ఓటేయడానికి పార్టీ సభ్యత్వం కూడా అడగరు.

మనకది లేదు. 2014 లోక్‌సభ ఎన్నికలప్పుడు కాంగ్రెస్ పార్టీ కొన్ని సీట్లలో అలాంటి ప్రయోగం చేసి చూసింది, అది నిలబడలేదు. మన దగ్గర అభ్యర్థి ఎవరన్నది పార్టీ ఇచ్చే బీ-ఫారం తేలుస్తుంది, దాని మీద ఒకే ఒక్కరి సంతకం ఉంటుంది. సిట్టింగ్‌లను మార్చడం మనకు కొత్త కాదు. 2024లోనే చూశాం. విజయవాడ సిట్టింగ్ ఎంపీ కేశినేని నానికి తెలుగుదేశం టికెట్ లేదని చెప్పింది. ఆయన వైఎస్సార్‌సీపీ తరఫున నిలబడితే, తెలుగుదేశం టికెట్ మీద నిలబడ్డ సొంత తమ్ముడు చిన్ని 2 లక్షల 80 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. అదే ఎన్నికల్లో వైఎస్సార్‌సీపీ చిలకలూరిపేట నుంచి మంత్రి విడదల రజినిని గుంటూరు పశ్చిమకు మార్చింది, అక్కడ ఆమె ఓడిపోయారు. ఈ మార్పులన్నీ పైనుంచి వచ్చినవి. బూత్‌లో కూర్చునే మనిషిని ఎవరూ అడగలేదు.

మరి అడగని చోట మనం చేయగలిగింది ఏమిటి? మన ప్రైమరీ మనమే నడుపుకోవాలి. ఓట్ల పెట్టె లేకపోయినా లెక్క ఉండాలి. సంతకం పెట్టే మనిషి ముందు ఆ లెక్క పెట్టాలి. నేను చేసిన పనంతా ఇంతే.

మొదట నోటుపుస్తకం

ఎన్నికలకు కనీసం ఏడాదిన్నర ముందు మొదలుపెట్టండి. నోటిఫికేషన్ వచ్చే నెలలో టికెట్ అడిగేవాళ్లను ఆశావహులు అంటారు. పత్రికలో పేరొస్తుంది, అంతకుమించి ఏమీ రాదు.

ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పోలింగ్ బూత్‌ల వారీగా ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో బూత్‌లో దాదాపు వెయ్యి పేర్లు ఉంటాయి. దాన్ని ప్రింట్ తీసి, ఎడమవైపు జాబితా కాగితం అంటించి, కుడివైపు ఖాళీ పేజీ వచ్చేలా లాంగ్ నోటుపుస్తకాలు కుట్టించాను. ప్రెస్ ఉంది కాబట్టి బైండింగ్ ఖర్చు తక్కువ. మీరు మామూలు పుస్తకాలు కొనుక్కున్నా సరిపోతుంది.

కుడిపేజీలో రాయాల్సింది ఓటు ఎవరికన్నది కాదు. అది అడిగితే ఎవరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. నేను రాసుకున్నవి మూడే. ఈ ఇంట్లో ఉన్నదెవరు, వెళ్లిపోయిందెవరు. వీళ్లకు ఏదైనా ఆపదొస్తే ఎవరి దగ్గరికి పోతారు. ఈ ఇంటికి రావాల్సిన పని ఏది ఆగిపోయింది. రెండో ప్రశ్నే అన్నిటికంటే పెద్దది. ఆస్పత్రిలో చేర్చాలన్నా, పోలీస్ స్టేషన్‌కి పోవాలన్నా, పిల్ల సీటు కోసమైనా ఆ వీధి ఎవరి పేరు చెబుతుందో రాసుకోండి. ముప్పై ఇళ్లు తిరిగేసరికి ఒకే పేరు పదిసార్లు వస్తుంది. ఒక బూత్‌లో ఆ పేరు ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒక పెద్దాయనది. పార్టీ కమిటీల్లో ఎక్కడా ఆయన లేడు. మా ఎమ్మెల్యేకి ఆయన పేరే తెలియదు. మరో బూత్‌లో అంగన్‌వాడీ ఆయా పేరు వచ్చింది. నియోజకవర్గంలో ఇలాంటి మనుషులు రెండువందల మంది దొరికితే మీకు కేడర్ ఉన్నట్టే.

పేరు తప్పున్నవాళ్లకు, ఇల్లు మారినవాళ్లకు ఫారం 8, కొత్తగా 18 నిండినవాళ్లకు ఫారం 6 నింపి పెట్టండి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలను బట్టి ఏడాదికి నాలుగుసార్లు అర్హత చూస్తారు కాబట్టి ఈ పని ఏడాదంతా ఉంటుంది. మా పార్టీకి ఓటేయనివాళ్లవీ నింపాను. ఆ ఇళ్లవాళ్లు నన్ను వేరే కంటితో చూడడం మొదలైంది అక్కడి నుంచే. చనిపోయినవాళ్ల పేర్లకు ఫారం 7 పెట్టేటప్పుడు మాత్రం ఇంటివాళ్లతో మాట్లాడకుండా పెట్టకండి. బతికున్న మనిషి పేరు మీ చేతుల మీదుగా పోతే ఆ వీధికి మళ్లీ వెళ్లలేరు.

నాకు 61 బూత్‌లు పూర్తయ్యాయి. అన్నీ చేయలేకపోయాను. కానీ ఆ 61 పుస్తకాలే తర్వాత నా తరఫున మాట్లాడాయి.

ఆయనకు ముందుగా మీరే చెప్పండి

దీని మీద చాలామంది నాతో వాదించారు. ముందే చెబితే తొక్కేస్తారని అన్నారు. నా ఉద్దేశం మారలేదు. ఒకే పార్టీలో ఉన్న మనిషి మీద పోటీకి దిగుతున్నప్పుడు, ఆ సంగతి ఆయనకు వేరేవాళ్ల నోటి నుంచి తెలిస్తే అది వెన్నుపోటు కిందే లెక్క. మీరు వెళ్లి చెబితే పోటీ అవుతుంది.

నేను పొద్దున ఆరున్నరకు ఎమ్మెల్యే ఇంటికి వెళ్లాను, జనం రాకముందే. వరండాలో పేపరు చదువుతున్నారు. కాఫీ తెప్పించారు. "అన్నా, ఈసారి టికెట్ నేను అడుగుతున్నాను. మీకు తెలియకుండా అడగడం ఇష్టంలేక వచ్చాను" అన్నాను. పేపరు మడిచి పక్కన పెట్టారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఎవరు పంపారు చెల్లెమ్మా నిన్ను?" అన్నారు. ఎవరూ పంపలేదని, బడి పక్కన కొట్టు గురించి ఏడుసార్లు వచ్చానని, ఎనిమిదోసారి ఇలా వచ్చానని చెప్పాను. "ఆ ఒక్కదానికా?" అన్నారు. ఆయన ఆ మాట అన్నందుకే నా నిర్ణయం గట్టిపడింది. కాఫీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత ఇబ్బందులు వచ్చాయి, అది కూడా చెప్పాలి. ప్రెస్‌కి వచ్చే ఆర్డర్లు కొన్ని ఆగిపోయాయి. మండల స్థాయి సమావేశాలకు కబురు రావడం మానేసింది. పార్టీ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఇంట్లో టెన్షన్ పెరిగింది. అందుకే ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోకుండా ఈ పనికి దిగొద్దు. మా ఆయన ఒకే షరతు పెట్టారు: బంగారం తాకట్టు పెట్టొద్దు, వడ్డీకి తేవొద్దు. మూడు లక్షలు పక్కన పెట్టాం. అది అయిపోయిన రోజున ఆపేద్దాం అనుకున్నాం. మీ హద్దు యాభై వేలే కావచ్చు, ఫరవాలేదు. మొదలుపెట్టకముందే ఆ అంకె ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. అప్పుతో గెలిచినవాళ్లు అప్పులవాళ్ల మాట వినాల్సి వస్తుంది.

ఏం మాట్లాడాలి, ఏం అచ్చేయాలి

ఒకే విషయం పట్టుకోండి. నా దగ్గర పదిహేను సమస్యల జాబితా ఉండేది. జనం దగ్గర చదివితే ఎవరికీ ఒక్కటీ గుర్తుండలేదు. బెల్టు షాపు ఒక్కటే మాట్లాడడం మొదలుపెట్టాక, ఆ పక్క కాలనీవాళ్లు వాళ్ల సమస్య వాళ్లే నా దగ్గరికి తెచ్చారు.

సిట్టింగ్ ఇంటి సంగతులు, కుటుంబం, అలవాట్లు నోటికి రానీయకండి. అభ్యర్థి సొంత నడవడి గురించి అబద్ధం ప్రచారం చేయడం ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి చర్య. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో ఉంది. మతం పేరుతో, కులం పేరుతో ఓటడగడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. నాలాంటి దైవభక్తి ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. నేను ప్రతి శుక్రవారం ఇంద్రకీలాద్రి ఎక్కుతాను. కానీ ఏ ఆడమనిషి చేతా కనకదుర్గమ్మ మీద ప్రమాణం చేయించలేదు, పసుపు కుంకుమ పెట్టి ఓటడగలేదు. అమ్మవారిని మన టికెట్ గొడవలోకి లాగకూడదు.

ఇక ప్రెస్ మనిషిగా చెప్పే మాట. ఎన్నికల కరపత్రం ఏదైనా సరే, దాని మీద అచ్చువేసినవాళ్ల పేరు, చిరునామా, వేయించినవాళ్ల పేరు, చిరునామా ఉండి తీరాలి. వేయించేవాళ్లు తమను ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలతో డిక్లరేషన్ రెండు ప్రతులు ప్రెస్‌కి ఇవ్వాలి. ప్రెస్‌వాళ్లు ఒక ప్రతిని, కరపత్రంతో కలిపి కలెక్టరుకు పంపాలి. ఇది 127ఎ సెక్షన్. తప్పితే ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఏటా ఎవరో ఒకరు రాత్రి పదకొండుకు వచ్చి "పేరు వద్దక్కా, తెల్లారేసరికి కావాలి" అంటారు. వెనక్కి పంపేస్తాను. పేరు వేసుకోలేని మాట కాగితం మీద పెట్టకండి. కరపత్రం ఒక వైపే వేయించండి, అక్షరాలు పెద్దవిగా, మీ ఫోన్ నంబరు కింద. ఫొటోలు తగ్గించండి. పైన వరసగా పదిమంది నాయకుల ఫొటోలు పెడితే మీ మాటకు చోటుండదు.

పైవాళ్లను కలవడం

పార్టీలన్నీ ఇప్పుడు సర్వేలు చేయిస్తాయి. ఫోన్‌లో రికార్డు చేసిన గొంతు వచ్చి, ఫలానావారికి మద్దతిస్తే ఒకటి నొక్కండి అంటుంది. మనవాళ్లు అది బ్యాంకు లోన్ కాల్ అనుకుని కట్ చేస్తారు. మీ రెండువందల మందికీ ముందే చెప్పి పెట్టండి, కాల్ వస్తే చివరిదాకా విని నొక్కమని. చదువురాని పెద్దవాళ్లకు ఏ బటన్ ఎక్కడుందో చూపించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు.

పార్టీ పంపే పరిశీలకుడు వచ్చినప్పుడు బలప్రదర్శన చేయొద్దు. ఆటోల్లో జనాన్ని తెచ్చి బెంజి సర్కిల్ దాకా ట్రాఫిక్ ఆపితే, ఆ జనం ఎంత ఖరీదో ఆయనకు బాగా తెలుసు. నేను ఆరుగురితో వెళ్లాను: ఇస్త్రీ బండి పెద్దాయన, అంగన్‌వాడీ ఆయా, ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, ముగ్గురు బూత్ ఏజెంట్లు. చేతిలో నాలుగు నోటుపుస్తకాలు. మాకు ఇచ్చింది పది నిమిషాలు. ఏదైనా బూత్ నంబరు చెప్పండి అన్నాను. ఆయన చెప్పిన నంబరు నాలుగు పుస్తకాల్లో లేదు, కింద ఆటోలో ఉంది. పోస్ట్‌మాస్టర్ గారు మెట్లు దిగి తెచ్చారు. ఆ పుస్తకం తిప్పుతూ ఆయన నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. పేజీల మీద వేలు పెట్టి, ఈ ఇల్లు ఏమిటి, ఈ ఎర్రగీత ఏమిటి అని అడిగారు. ఎర్రసిరా అంటే పని ఆగిపోయిన ఇల్లు. చివరికి ఒకే ప్రశ్న వేశారు: "టికెట్ రాకపోతే ఏం చేస్తావమ్మా?"

దానికి జవాబు మీ దగ్గర ముందే సిద్ధంగా ఉండాలి. రెబెల్‌గా దిగుతారా, వెనక్కి తగ్గుతారా, ఏ షరతు మీద తగ్గుతారు? ఇది మీ వెంట తిరిగేవాళ్లందరికీ తెలియాలి. చివరి రోజు కోపంలో తీసుకునే నిర్ణయం మీతో ఉన్నవాళ్ల బతుకుల మీద పడుతుంది. నేను నోటుపుస్తకాలు మొదలుపెట్టిన రోజే మావాళ్లకు చెప్పాను, ఓట్లు చీల్చి అవతలి పార్టీని గెలిపించే పని చేయనని. పరిశీలకుడికీ అదే చెప్పాను. అది బలహీనత అని మా వాళ్లలో ఇద్దరు నన్ను వదిలేశారు. వాళ్ల కోపం నాకు అర్థమైంది. నా పార్టీ విలువలు నిలవాలనే కదా నేను దిగింది.

నామినేషన్ కాగితాలు

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతింటారు, కాబట్టి జాగ్రత్తగా చదవండి.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిగా నామినేషన్ వేస్తే ఒక్క ప్రపోజరు, అంటే మీ పేరు ప్రతిపాదిస్తూ సంతకం చేసే ఓటరు, చాలు. స్వతంత్రంగా వేస్తే అదే నియోజకవర్గ ఓటర్లు పదిమంది కావాలి. బీ-ఫారం వస్తుందన్న ఆశతో ఒక్క సంతకంతో వేసి కూర్చుంటే, నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు ఆ ఫారం రిటర్నింగ్ అధికారికి చేరకపోతే పరిశీలనలో మీ కాగితం పోతుంది. ఒకరు నాలుగు సెట్ల దాకా వేయవచ్చు. అందుకే ఒక సెట్ పార్టీ పేరుతో, ఇంకో సెట్ పదిమంది సంతకాలతో వేయండి. బీ-ఫారం మీదా, దాని మీద సంతకం చేసే అధికారం ఎవరిదో చెప్పే ఏ-ఫారం మీదా సంతకం సిరాతో పెట్టిందే కావాలి. జిరాక్సు, స్కాన్, వాట్సాప్ ఫొటో చెల్లవు.

పదిమంది పేర్లు జాబితాలో ఏ భాగంలో, ఏ వరస నంబరులో ఉన్నాయో ముందురోజే సరిచూసుకోండి. ఇద్దరు ముగ్గురిని అదనంగా అందుబాటులో ఉంచుకోండి. వేలిముద్ర వేసే మనిషి ఉంటే మరో సంగతి. మా పదిమందిలో ఒకరు డెబ్బై దాటిన సుబ్బమ్మగారు అనుకుందాం, అసలు పేరు వేరే. ఇంట్లోనే వేలిముద్ర వేయించి తెచ్చాం. కానీ వేలిముద్ర రిటర్నింగ్ అధికారి ముందో, ఎన్నికల సంఘం చెప్పిన అధికారి ముందో పడాలి. గేటు దగ్గరే మా లాయరు గారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఎండలో ఆటో పంపి ఆవిడను తెచ్చి, కొత్త ఫారం మీద అధికారి ముందు వేయించాం. ఇంక్‌ప్యాడ్ మీద బొటనవేలు పెట్టేటప్పుడు ఆవిడ చెయ్యి వణుకుతోంది. పెట్టాక వేలు కొంగుకు తుడుచుకుని, "సరిగ్గా పడిందా బాబూ?" అని అధికారినే అడిగింది.

మిగతావి త్వరగా చెబుతాను. వయసు 25 నిండాలి. అసెంబ్లీకి డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. లోక్‌సభకు 25,000, ఎస్సీ, ఎస్టీలకు 12,500. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరోవంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది. ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. ఏమీ లేకపోతే లేదు అనో, వర్తించదు అనో రాయాలి. నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చుకే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. నామినేషన్ రోజు నుంచి ఫలితం దాకా ప్రతి రూపాయీ లెక్కలోకి వస్తుంది. మన రాష్ట్రంలో హద్దు అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. బరిలో నిలిచినవాళ్లు ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులను చేయవచ్చు. నామినేషన్ గదిలోకి మీతోపాటు నలుగురికే ప్రవేశం. వందమంది వస్తే మజ్జిగ ఇచ్చి చెట్టు కింద కూర్చోబెట్టండి.

మూడు గంటలు దాటాక

బీ-ఫారం ఆయనకే వచ్చింది. పది సంతకాల సెట్ వల్ల నా నామినేషన్ నిలిచింది. ఉపసంహరణకు రెండు రోజులుంది. ఆ రాత్రి నుంచి బుజ్జగింపులు మొదలయ్యాయి. నామినేటెడ్ పదవి అన్నారు. మా అబ్బాయికి ఉద్యోగం అన్నారు.

బుజ్జగింపుకు వచ్చినప్పుడు మీకోసం ఏదీ అడగకండి, ఇది నా గట్టి మాట. మీరు పదవి తీసుకున్న మరుక్షణం ఆ ఇస్త్రీ బండి పెద్దాయన ఏడాదిన్నర నడిచిన నడక మీ బేరం అయిపోతుంది. పని అడగండి, తేదీతో అడగండి, పరిశీలకుడి ఎదుట సిట్టింగ్ నోటితోనే చెప్పించండి. నేను రెండే అడిగాను: ప్రచారం మొదలయ్యేలోపు బడి పక్కన కొట్టు తీసేయాలి, మా రెండువందల మంది పేర్లు బూత్ కమిటీల్లో చేరాలి. ఆయన నా వైపు చూడకుండా సరే అన్నారు. మర్నాడు సాయంత్రం కొట్టు సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించారు. ఆ పక్క రోజు పదిమంది ప్రపోజర్లకూ ఫోన్ చేసి చెప్పి, మధ్యాహ్నం 3 గంటల్లోపు ఉపసంహరణ ఫారం ఇచ్చి వచ్చాను. ఆ ఎన్నికలో ఆయనకే పనిచేశాను, మనసు పెట్టే చేశాను.

నోటుపుస్తకాలు పారేయకండి. చెదలు పట్టకుండా మధ్యమధ్య వేపాకు పెట్టి, బూత్ నంబరు వెన్ను మీద రాసి పెట్టుకోండి. కొత్త జాబితా వచ్చినప్పుడల్లా పాత పేజీతో పోల్చి చూడండి. మొన్నటి జాబితా ప్రింట్లు ప్రెస్‌లో టేబుల్ మీద ఉన్నాయి. అంగన్‌వాడీ ఆయా కూతురు రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటోంది, డిగ్రీ రెండో ఏడాది. నిన్న 43వ బూత్ తీసి, పాత ఎర్రగీతల్లో తీరిన పనులకు పక్కన నల్లసిరాతో టిక్కు పెట్టింది. ఇరవై ఒకటి తేలాయి. "మిగతావి ఎవరితో మాట్లాడాలక్కా?" అని అడిగింది. ఆ వీధి పేర్లు చదవమన్నాను.